మిల్లీమీటరుగారి వెనక చక్రం

గురువారం ఉదయం ఆరున్నరకి ఇన్‌స్పెక్టరు తన మోటార్‌సైకిల్ వెనక చక్రం ఊడదీసి, దాన్ని వాకిట్లో పడుకోబెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. ఏడున్నరకి పాత టైరు ఊడాలి. ఎనిమిదిన్నరకి కొత్త టైరు ఎక్కాలి. తొమ్మిదికి స్నానం, పదింటికి బయలుదేరడం. పదకొండింటికి పెద్ద అధికారి ఆఫీసు గేటు దగ్గర నిలబడి సిబ్బంది సొంత బళ్లన్నీ తానే తనిఖీ చేస్తానని నోటీసు పెట్టించాడు. ఎవరి బండి తప్పితే వాళ్లు ఆరు నెలలు రికార్డు గదిలో కూర్చోవాలి.

వాహనాల తనిఖీలో ఇన్‌స్పెక్టరుది పద్దెనిమిదేళ్ల సర్వీసు. టైరు గాడి లోతు ఒకటీ పాయింటు ఆరు మిల్లీమీటర్లు ఉండాలి. ఒకటిన్నర ఉన్నా బండిని వెనక్కి పంపేవాడు. అందుకని వీధిలో అతన్ని వెనకాల మిల్లీమీటరు అనేవారు, ఎదురుపడితే ఇన్‌స్పెక్టరుగారూ అనేవారు. సొంత టైరు సంగతి మాత్రం నోటీసు చదివిన రోజు దాకా అతను చూసుకోలేదు. చూసుకుంటే అది బోడిగుండు.

వీధి మలుపులోనే టైర్ల షాపు ఉంది. ఆ షాపాయన వ్యాను టైరు ఒకటిన్నరే ఉందని పది రోజుల క్రితం, సోమవారం నాడు, వెనక్కి పంపింది ఇతనే. రెండు వారాల్లో కొత్త టైర్లతో తిరిగి తీసుకురమ్మని చీటీ కూడా రాసిచ్చాడు. ఇప్పుడు ఈ బోడి టైరు దొర్లించుకుంటూ ఆ షాపుకి వెళ్లడం కంటే రికార్డు గదే నయమనుకున్నాడు. తర్వాత రికార్డు గది గుర్తొచ్చి, రెండూ వద్దనుకున్నాడు. ఊరి అవతలి కొసకు వెళ్లి కొత్త టైరు కొని, దుప్పట్లో చుట్టి తెచ్చాడు.

కాగితం చూడకుండా అతను ఏ పనీ మొదలుపెట్టడు. టైర్ల గురించి ఇంట్లో ఉన్న కాగితం ఒక్కటే, ఆఫీసు తనిఖీ ఫారం. మొదటి అంశం: గాలి సరిచూడవలెను, తక్కువైతే నింపవలెను. చూశాడు. తక్కువగా ఉంది. కాలిపంపుతో ఇరవై తొమ్మిది దాకా కొట్టి, మీటరు పెట్టి చూసి, టిక్కు పెట్టాడు. రెండో అంశం పగుళ్లు, మూడోది గాడి లోతు. అక్కడితో ఫారం అయిపోయింది. ఊడదీయడం అనే అంశం అందులో లేదు.

వంటింట్లోంచి రెండు ఇనుప గరిటెలు, బకెట్టుడు సబ్బునీళ్లు తెచ్చుకున్నాడు. గరిటె కాడ టైరుకీ రిమ్ముకీ మధ్య దూర్చి, బలంకొద్దీ వంచాడు. గరిటె వంగింది. రెండో గరిటె తీసుకున్నాడు. అదీ వంగింది.

అత్తగారు గడప దగ్గర నిలబడి చూస్తోంది.

"అల్లుడుగారూ, అవి నా గరిటెలు."

"ఇచ్చేస్తానండీ. చిన్న పని."

"ఇవాళ ఆఫీసు లేదా?"

"పదకొండు దాటితే గానీ చెప్పలేనండీ. మీరు మాత్రం ఈ సంగతి ఎక్కడా అనకండి."

ఆవిడ అన్నీ కలిపి చూసుకుంది. పని రోజు. చేతినిండా నల్లమసి. దుప్పట్లో దాచి తెచ్చిన టైరు. ఎక్కడా అనొద్దనడం. అల్లుడి ఉద్యోగం ఊడిందనీ, గుట్టుగా టైర్ల పని నేర్చుకుంటున్నాడనీ తేలింది. ఇరవై ఏళ్లలో అల్లుడు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే కాబట్టి ఎవరికీ చెప్పకూడదనుకుంది. పక్కింటి పళ్ల డాక్టరు పరాయివాడు కాడు గనక ఆయనకొక్కడికే గోడ మీదుగా చెప్పింది.

పది నిమిషాల్లో డాక్టరు వచ్చి పక్కన గొంతుక్కూచున్నాడు.

"ధైర్యంగా ఉండాలి మాస్టారూ."

"ఉన్నానండీ."

"ఏ పనైనా పనే."

"పనే కదండీ."

"ఈ వయసులో కొత్తగా నేర్చుకోవడమంటే మాటలు కాదు."

"అందుకే పొద్దున్నే మొదలుపెట్టాను."

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత చక్రాన్ని చూశాడు. పన్నయినా టైరయినా ముందు కుదుళ్లు వదులు చెయ్యాలన్నాడు. అందుకు బరువు కావాలి. తన కారు తెచ్చి, ముందు చక్రాన్ని టైరు అంచు మీదికి మెల్లగా ఎక్కించాడు. గాలి నిండా ఉన్న టైరు అణగలేదు. చక్రం కారు కిందినుంచి జారి వాకిలంతా దాటి, గోడవారనున్న కుళాయిని కొట్టింది. కుళాయి విరిగింది. నీళ్లు మనిషెత్తున లేచాయి.

లోపల్నించి భార్య కేకేసింది. "ఏవండీ, బాత్రూములో నీళ్లాగిపోయాయి!"

"ఇక్కడ వస్తున్నాయి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆమె వచ్చి గొట్టం కట్టేసేసరికి మిద్దె మీది ట్యాంకు ఖాళీ అయింది. ఎనిమిదీ ముప్పావు. ఇలాంటి మనిషికి దగ్గరుండి నేర్పేవాడు కావాలని డాక్టరుకు అర్థమైంది. ఎవరితోనూ అనకుండా వీధి మలుపు దాకా నడిచి వెళ్లాడు.

తొమ్మిదీ పదికి టైర్ల షాపాయన వచ్చాడు. భుజాన గోనెసంచి, అందులో ఇనప కడ్డీలు. అతన్ని చూసి ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి సార్," అని షాపాయన టైరును బొటనవేలితో నొక్కాడు. "గాలెవరు కొట్టారు?"

"నేనే. ఇరవై తొమ్మిది."

"ఎందుకు సార్?"

ఇన్‌స్పెక్టరు ఫారం అందించాడు. షాపాయన దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివాడు.

"ఇందులో తప్పేం లేదు సార్. ఇది టైరు ఉంచడానికి. తియ్యడానికి కాదు."

వంగి, వాల్వు మూత విప్పి, లోపలి పిన్ను తీశాడు. గాలి బుస్సుమంది. అది పూర్తయ్యేదాకా అక్కడున్న ఐదుగురూ నిలబడి విన్నారు. ఆ తర్వాత నాలుగు నిమిషాల్లో పాత టైరు ఊడొచ్చింది. దాన్ని ఇన్‌స్పెక్టరు ముందు పెట్టాడు షాపాయన.

"గేజు ఉందా సార్?"

ఉంది. జేబులోనే ఉంది. తీసి పెట్టి చూశాడు. "సున్నా పాయింటు నాలుగు."

"నా వ్యానుది?"

"ఒకటిన్నర."

"ఆఁ," అన్నాడు షాపాయన. కొత్త టైరు అందుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండునని ఇన్‌స్పెక్టరుకు అనిపించింది.

టైరు మీది బాణం గుర్తు చూసుకుని కొత్తది ఎక్కించి, చక్రం బిగించి, కడ్డీలు తుడుచుకుంటూ షాపాయన గొంతు తగ్గించాడు.

"పని సంగతి డాక్టరుగారు చెప్పారు సార్. దారి పొడుగునా ఆలోచించాను. కుదరదు. ఏమీ అనుకోకండి. మీకు చెయ్యి తిరగదు."

"ఏ పని?"

"మా షాపులో పని."

భార్య తల్లివైపు చూసింది. తల్లి డాక్టరువైపు చూసింది. డాక్టరు తన కారువైపు చూశాడు.

"నాకు ఉద్యోగం ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పదకొండింటి దాకా," అంది భార్య గడియారం చూసి. "ముందు బయల్దేరండి."

చేతులు కడుక్కోవడానికి ఇంట్లో చుక్క నీళ్లు లేవు. అలాగే వెళ్లాడు.

గేటు దగ్గర పెద్ద అధికారి తొమ్మిది బళ్లు చూసి, ఐదింటిని పక్కన పెట్టించాడు. పదోది ఇన్‌స్పెక్టరుది. వెనక టైరులో గేజు పెట్టి చూశాడు. తర్వాత ఇన్‌స్పెక్టరు చేతులు చూశాడు. మోచేతుల దాకా నలుపు, గోళ్లలో మట్టి.

"ఎక్కడ మార్పించారు?"

"ఇంట్లోనే అండి."

"మీరే మార్చారా?"

వెనక తొమ్మిదిమంది సహోద్యోగులు నిలబడి ఉన్నారు. "ఇంట్లోనే అండి," అన్నాడు మళ్లీ. అబద్ధం ఒక్క ముక్క లేదు. పెద్ద అధికారి మాత్రం దాన్ని రెండో ప్రశ్నకు కూడా జవాబుగా తీసుకున్నాడు.

"చూశారా!" అని అందరివైపూ తిరిగాడు. "తనిఖీ చేసేవాడికి పని తెలియాలి. సోమవారం పదింటికి ఈయన మనందరికీ టైరు ఊడదీసి, ఎక్కించి చూపిస్తారు. ఆవరణలో కుర్చీలు వేయించండి. ఆ రోజు తనిఖీకొచ్చే జనాన్ని కూడా కూర్చోబెట్టండి, నేర్చుకుంటారు."

ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టరు షాపుకి వెళ్లాడు. శుక్రవారం వెళ్లాడు. శని, ఆదివారాలు పొద్దున్నించి పొద్దుపోయేదాకా అక్కడే ఉన్నాడు. షాపాయన కడ్డీలు చేతికిచ్చి, స్టూలు మీద కూర్చుని చూశాడు. ఆదివారం చీకటి పడేవేళకి ఇన్‌స్పెక్టరు ఒక టైరు నలభై నిమిషాల్లో మార్చగలిగాడు. ట్యూబు మాత్రం కడ్డీకి నలిగి చిల్లుపడింది.

"రేపు వస్తాను సార్," అన్నాడు షాపాయన.

"ఎక్కడికి?"

"మీ ఆఫీసుకే. నా వ్యాను గడువు రేపే కదా."

సోమవారం పదింటికి ఇన్‌స్పెక్టరు చొక్కా చేతులు మడిచి, ఆవరణ మధ్యలో చక్రం ముందు కూర్చుని తలెత్తాడు. మొదటి వరసలో పెద్ద అధికారి ఉన్నాడు. ఆయన పక్క కుర్చీలో టైర్ల షాపాయన, ఒళ్లో తనిఖీ ఫారం పెట్టుకుని, పెన్ను మూత తీస్తున్నాడు.