లేచి నిలబడిన టెంకాయ

ప్రొద్దుటూరు బోర్డు స్కూలు డ్రాయింగు మాస్టరు ఖాదర్ మొహిద్దీన్ ఆ శనివారం పొద్దున వేసుకున్న ప్లాను చాలా చిన్నది. జమ్మలమడుగు దాకా బస్సు, అక్కడి నుంచి నడక, గండికోట కింద పెన్నా కొండను చీల్చుకుపోయే చోట కూర్చుని ఒక రంగుల బొమ్మ, ఆదివారం సాయంత్రానికి ఇల్లు. పదకొండేళ్లుగా నల్లబల్ల మీద మామిడికాయ, చెంబు గీసి గీసి అతనికి ప్రాణం విసిగిపోయింది. చచ్చేలోగా ఆ గండిని ఒక్కసారి చూసి తీరాలని పట్టుపట్టాడు.

హెడ్మాస్టరు మహానందయ్యకు ఇలాంటి కోరికలు గిట్టవు. ఆయన సైన్సు చెబుతాడు. తాయెత్తు కట్టుకొచ్చిన పిల్లలను ఎండలో నిలబెడతాడు. స్కూలు బావి ఎండిపోయి నెల కావడంతో ఎవరు కనబడినా మండిపడుతున్నాడు. సోమవారం గంట కొట్టేసరికి బళ్లో లేకపోతే ఇక రావలసిన పనే లేదని ముందే చెప్పాడు. ఖాదర్ ఇంట్లో ఆరుగురు ఆ ఉద్యోగం మీదే బతుకుతున్నారు.

దారిలో తినమని భార్య రహమతున్నీసా బొరుగులు, బెల్లం, ఒక టెంకాయ ఇచ్చింది. సంచి నిండా కాగితాలూ రంగులూ ఉండడంతో టెంకాయ చేతిలోనే ఉండిపోయింది. కొంప మునిగింది అక్కడే.

జమ్మలమడుగు దాటాక ఎవరో పుణ్యాత్ముడు చెప్పిన అడ్డదారి పట్టుకుని ఖాదర్ ఒక బీడు చేలో తేలాడు. టెంకాయ అరచేతిలో అడ్డంగా ఉంది. కాలికి రాయి తగిలి తూలాడు. కాయ పడిపోకుండా చెయ్యి పైకెత్తేసరికి అది గిర్రున తిరిగి, జుట్టు ఆకాశానికి పెట్టి నిట్టనిలువుగా నిలబడింది. తన నేర్పుకు తనే ముచ్చటపడి అతను ఒక్క నిమిషం అలాగే నిలుచున్నాడు. ఆ నిమిషమే చేను గల తిమ్మయ్య గట్టు మీది నుంచి చూశాడు.

ఆ సీమలో నీళ్లు చూసేవాళ్లు అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతారు. కింద ఊట ఉన్నచోట కాయ లేచి నిలబడుతుందని నమ్మకం. తిమ్మయ్య అప్పటికి రెండు బావులు తవ్వి రెండింటిలోనూ బండే చూశాడు. ఈ ఏడూ నీళ్లు పడకపోతే ముసలితల్లిని తీసుకుని ఊరొదిలి పోవడమే అనుకుంటున్నాడు. అతను పరుగున వచ్చి ఖాదర్ పాదాల చుట్టూ నాలుగు రాళ్లు పేర్చాడు.

"ఈడేనా సాయిబూ?"

"ఈడ ఏముండాదప్పా? నేను గండి చూడ్డానికి పోతాండా."

"గండిలో ఏముండాది చూసేకి?"

"బండలు."

తిమ్మయ్య చేతులు జోడించాడు. బండలు చూడ్డానికి బస్సెక్కి వచ్చే మనిషి లోకంలో ఉండడని అతనికి తెలుసు. పైగా వాళ్ల నాయన కాలంలో, నీళ్లు చూస్తానని తనంతట తానే చెప్పుకుంటూ వచ్చినవాడొకడు మూడు కోళ్లు తిని, బండ మీద గీత గీసి పోయాడు. అప్పటినుంచి ఆ ఊళ్లో ఒక మాట ఖాయమైంది: నిజంగా చూసేవాడు తనకు రాదంటాడు. ఖాదర్ రాదన్నాడు. చుట్టూ చేరిన జనం మళ్లీ అడిగితే అల్లా మీద ఒట్టేసి రాదన్నాడు. ఇక ఎవరికీ అనుమానం మిగలలేదు.

తాను డ్రాయింగు మాస్టరునని నిరూపించడానికి ఖాదర్ పెన్సిలు తీశాడు. చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, ఎదురుగా ఉన్న కొండను కొలుస్తూ బొటనవేలిని మూడుసార్లు జరిపాడు. జనం ఊపిరి బిగబట్టి చూశారు. మూడు మనిషి నిలువుల లోతున నీళ్లున్నాయని తేలిపోయింది.

విసిగిపోయి, "సరేప్పా, నీళ్లుండాయి, తవ్వుకోండి, నన్ను పోనీండి" అన్నాడు. అది ఇంకా తప్పయింది. నీళ్లు చూసినవాడు తొలి కడవ పైకొచ్చేదాకా ఊరు దాటకూడదు, ఆ టెంకాయ అతనే కొట్టాలి. తిమ్మయ్య తల్లి నాగక్క అతని కాళ్లకు నీళ్లిచ్చి, చెప్పులు తీసుకెళ్లి లోపల పెట్టెలో పెట్టి తాళం వేసింది. చుట్టూ ఎటు చూసినా పల్లేరుముళ్లే.

"మరి గండి, అవ్వా?" అన్నాడు ఖాదర్ దీనంగా.

"బండలు యాడికి పోతాయి నాయనా. ఈడనే ఉంటాయి" అంది నాగక్క.

ఆదివారం ఒక నిలువు తవ్వారు. సోమవారం బడిగంట వేళకు రాళ్లు కలిసిన గట్టి గరుసునేల తగిలింది. ఖాదర్ మంచం మీద కూర్చుని కొర్రన్నం, చెనిక్కాయల చట్నీ తింటూ ఆలోచించాడు. నీళ్లు పడితే ఉద్యోగం పోతుంది. పడకపోతే ఉద్యోగమూ పోతుంది, తన్నులూ తప్పవు. మంగళవారం తిమ్మయ్య అన్నం ముట్టలేదు. ఆ మొహం చూడలేక ఖాదర్ తానే గోతిలోకి దిగి మట్టితట్టలు అందించాడు.

బుధవారం మధ్యాహ్నం, మూడో నిలువులో, గడ్డపార తడిగా పైకొచ్చింది. చూస్తుండగానే మడమలు మునిగాయి. తిమ్మయ్య గోతిలోనే కూలబడి ఏడ్చాడు. ఉద్యోగం సంగతి మరిచిపోయి ఖాదర్ కూడా ఏడ్చాడు. టెంకాయ కొట్టాడు.

అంతలో పక్క రెండు ఊళ్ల జనం తలా ఒక టెంకాయతో పొలిమేరకు వచ్చారని తెలిసింది. తిమ్మయ్య అతనికి చెప్పులు తొడిగి, బండిలో పడుకోబెట్టి, పైన చొప్ప కప్పి, తిన్నగా బస్సు దగ్గరికి తోలాడు. చొప్ప కింద నుంచి ఖాదర్‌కు గండి మాట అలా ఉంచి, కొండైనా కనబడలేదు.

గురువారం పొద్దున అతను మొహం వేలాడేసుకుని హెడ్మాస్టరు గదికి వెళ్లాడు. వార్త అతనికన్నా ముందు బస్సులోనే ప్రొద్దుటూరు చేరింది. మహానందయ్య కళ్లజోడు సర్దుకుని, తలుపు మూయమన్నాడు. సొరుగు తెరిచి ఒక టెంకాయ తీసి బల్ల మీద పెట్టాడు.

"దీంట్లో సైన్సేమీ లేదని నాకు తెలుసప్పా. ఊరికే ఒక తూరి స్కూలు చుట్టూ నడిచి చూడు."

"నాకు రాదు సార్."

మహానందయ్య మొహం వెలిగిపోయింది. "అట్లే అంటావని చెప్పినారులే."

ఖాదర్ టెంకాయను చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"నాలుగు దినాలు సెలవు కావాల సార్. ముందు గండికోటకు పోయి రావాల."

హెడ్మాస్టరు అక్కడికక్కడే సెలవు చీటీ రాసి, కారణం అన్నచోట తన చేత్తోనే 'ప్రకృతి శాస్త్ర పరిశోధన' అని రాసి సంతకం చేశాడు.