అభిమాని స్పందించుట లేదు

సూపరింటెండెంటుగారి కారును సూపరింటెండెంటుగారే స్వయంగా బాగుచేయనున్నట్టు ఆదివారం ఉదయం ఇంటిల్లిపాదికీ తెలియజేయడమైనది. ఇంటిల్లిపాదీ అంటే ఆయన భార్య, ఆమె తల్లి. ప్రకటన వెలువడే సమయానికి భార్య మర్నాటికి బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. అత్తగారు కిటికీ పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఇద్దరూ విన్నారు. చప్పట్లు కొట్టడానికి ఇద్దరి చేతులూ ఖాళీగా లేవు.

కారు జబ్బు చూడడానికి పెద్దదేమీ కాదు. స్టీరింగు వెనక ఇంజను బొమ్మ వేసిన పసుపు దీపం ఒకటి వెలిగింది. వెలిగి ఊరుకోకుండా, ఆరనని మొండికేసింది.

"రేపు నేను వెళ్లాల్సింది ఆ కారులోనేనండీ. మెకానిక్కుకి చూపించండి, మీకు పుణ్యముంటుంది," అంది భార్య.

ఆమె లెక్కల టీచరు. రైలు గేటుకు అవతల, పక్క ఊళ్లోని పెద్ద బడిలో ప్రధానోపాధ్యాయురాలి కుర్చీ ఖాళీ అయింది. సోమవారం పొద్దున్న ఇంటర్వ్యూ. అలాంటి కుర్చీలు తన తర్వాత చేరినవాళ్లకీ, వాళ్ల తర్వాత చేరినవాళ్లకీ వెళ్లిపోవడం చూస్తూనే ఆమె జుట్టు నెరిసింది. ఇంకోటి ఖాళీ అయ్యేసరికి ఆమె రిటైరవుతుంది.

"మెకానిక్కా?" సూపరింటెండెంటుగారు నవ్వారు. "దీపమంటే ఏమిటనుకున్నావు? కారు పెట్టుకున్న ఫిర్యాదు. ఫిర్యాదుల సంగతి నాకు ఇంకొకడు చెప్పాలా?"

ఆ మాటలో అబద్ధం లేదు. నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదుల విభాగం ఆయన చేతిలోనే ఉంది. ఏ వీధికైనా నీళ్లు రావడం లేదని కాగితం వస్తే, ఆయన దాన్ని శ్రద్ధగా చదివి, తేదీ వేసి, అడుగున 'పరిష్కరించడమైనది' అని ముద్ర కొడతారు. కాగితం పరిష్కారమవుతుంది. నీళ్లు రాకపోవడమన్నది వేరే విభాగం వ్యవహారం. పెండింగు ఫిర్యాదులు ఒక్కటి కూడా లేకుండా చేసినందుకు పైఅధికారులు ఆయనకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆ సభ జరిగిన రోజు ఆఫీసులో చేతులు కడుక్కోవడానికి నీళ్లు లేకపోవడం కేవలం యాదృచ్ఛికం. అయినా దాని మీద ఫిర్యాదేమీ అందలేదు.

ఇంతటివాడు మెకానిక్కు దగ్గర చేతులు కట్టుకు నిలబడతాడా? నీలంరంగు కేబులొకటి తెప్పించారు. దాని ఒక కొస స్టీరింగు కింద ఉండే ప్లగ్గులో దూరుతుంది. రెండో కొస కంప్యూటరులో దూరుతుంది. మధ్యలో సాఫ్ట్‌వేరు ఉంటే కారు తన బాధలన్నీ తెర మీద చెప్పుకుంటుందట.

కేబులుతో పాటు వచ్చిన సూచనల కాగితం చాలా మర్యాదగా ఉంది. సాఫ్ట్‌వేరు ఎక్కించే ముందు ఇంటర్నెట్ పీకేయమంది. వైరసులను పట్టుకునే కాపలా ప్రోగ్రామును నిద్రపుచ్చమంది. కంప్యూటరులో తేదీని కొన్నేళ్లు వెనక్కి జరపమంది. మధ్యలో ఏ హెచ్చరిక వచ్చినా చదవకుండా 'సరే' నొక్కమంది. తప్పులు పట్టే సాఫ్ట్‌వేరు ఇంట్లో అడుగు పెట్టాలంటే ముందు కాపలావాణ్ణి పంపించేసి, కేలండరు తిప్పేసి, కళ్లు మూసుకోవాలన్నమాట. సూపరింటెండెంటుగారికి ఇందులో వింతేమీ కనిపించలేదు. తనిఖీ బృందం రాబోయే ముందు రోజు ఆయన ఆఫీసులో జరిగే ఏర్పాట్లు అచ్చం ఇవే.

మొదటి అడుగులోనే చిన్న అవాంతరం వచ్చింది. కంప్యూటరు తెర మీద ఇలా రాసింది: 'ఈ పని నిర్వాహకులు మాత్రమే చేయగలరు. మీరు అతిథి.'

ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. కరెంటు మీటరు ఆయన పేరున ఉంది. గుమ్మం పక్కన బోర్డు మీద ఆయన హోదా ఉంది. ఈ ఇంట్లో ఏ గోడను అడిగినా యజమాని ఎవరో చెబుతుంది. కాకపోతే కంప్యూటరు భార్య తన బడి పనికి కొనుక్కున్నది, అది గోడల్ని అడగలేదు.

"ఏమేవ్, ఇది నన్ను అతిథి అంటోంది!"

"ఊరికే అంటుందా? వేళకు వస్తారు, తింటారు, పడుకుంటారు, పొద్దున్నే లేచి వెళ్లిపోతారు."

"అతిథి అనడం మర్యాదేనమ్మా," అంది అత్తగారు కాయలో ఈనె లాగుతూ. "నన్నడిగితే ఇంకో మాట అందును."

భార్య ఇస్త్రీపెట్టె నిలబెట్టి వచ్చింది. "అటు తిరగండి," అంది. సూపరింటెండెంటుగారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఆమె పాస్‌వర్డు కొట్టింది. ఆ విధంగా ఇంటి యజమానికి ఇంటి యజమానురాలి నుంచి తాత్కాలిక అధికారాలు దఖలుపడ్డాయి.

అధికారం చేతికి రాగానే ఆయన ముందు కాలాన్ని వెనక్కి నడిపించారు. తేదీ మారగానే భార్య ఇంటర్వ్యూ ఇంకా చాలా ఏళ్లు ఉందని కంప్యూటరు భరోసా ఇచ్చింది. "అయితే నా మోకాళ్ల నొప్పులింకా మొదలే కాలేదన్నమాట," అని అత్తగారు కాళ్లు చాపి చూసుకుంది. తర్వాత వచ్చిన హెచ్చరికలన్నిటికీ ఆయన చదవకుండా 'సరే' నొక్కారు. ఆయన నొక్కుడులో ఏళ్ల తరబడి ముద్రలు కొట్టిన చేతి అలవాటు కనిపించింది. చివరికి తెర మీద కొత్త మాట వచ్చింది.

"డ్రైవరు దొరకలేదట," అని ఆయన పైకే చదివారు.

"దొరక్కపోవడమేమిటి? మీరున్నారుగా," అంది అత్తగారు. "పార్కింగులో గేటుకు గుద్దారనుకోండి, అయినా డ్రైవరు డ్రైవరేగా."

ఈ డ్రైవరు ఆ డ్రైవరు కాదనీ, కేబులు భాషను కంప్యూటరుకు వినిపించే చిన్న ప్రోగ్రామనీ ఆయన వివరించారు. అత్తగారు అంతా విని, "మీ మాట మా అమ్మాయికి వినిపించే ప్రోగ్రాము కూడా ఉంటే పెట్టించుకోండి," అంది.

డ్రైవరు దొరికింది. ఇప్పుడు కేబులు చాల్లేదు. కంప్యూటరు హాల్లో బల్ల మీద ఉండేది, కారు వీధిలో ఉండేది. ముందు కారునే కంప్యూటరు దగ్గరకు రప్పించాలని చూశారు. కిటికీ కింద ఉన్న పూలకుండీలు ఇందుకు సహకరించలేదు, రెండు పగిలాయి. ఇక కంప్యూటరే కదిలింది. భార్య ఇస్త్రీ బల్లను వీధిలోకి మోసుకెళ్లి, దాని మీద కంప్యూటరు నిలబెట్టి, వంటింటి నుంచి కరెంటు తీగ లాగారు. మడత పెట్టాల్సిన బట్టలు కుర్చీ మీద సగం నలిగి ఉండిపోయాయి. కిటికీల్లో తలలు కనిపించాయి. ఆపరేషను చూడడానికి పళ్ల డాక్టరు, బ్యాంకు క్యాషియరు, దర్జీ, వీధి సంక్షేమ సంఘం అధ్యక్షుడు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చారు.

సాఫ్ట్‌వేరు ఇంగ్లీషులో లేచింది. మూలన భాషల జాబితా ఉంది, అందులో తెలుగు ఉంది. సూపరింటెండెంటుగారు సభాముఖంగా తెలుగు నొక్కారు. అనువాదం చేసినవాడెవడో గాని కారు ముఖం చూసి ఉండడు, తెలుగు ముఖమూ చూసి ఉండడు. కారు ఒక్క ఫిర్యాదే చేసుకుంది: 'చల్లబరచు అభిమాని స్పందించుట లేదు.'

అందరూ తెర మీదికి వంగారు.

"పాపం," అన్నాడు దర్జీ.

"కారుకు అభిమానులేమిటండీ?" అన్నాడు క్యాషియరు.

సూపరింటెండెంటుగారు కాసేపు ఆలోచించారు. అభిమానం మనసుకు సంబంధించినది. ఇంజనుకు సంబంధించినది కాదు. పైగా స్పందించకపోవడం ఎవరి మీదా చర్య తీసుకోదగిన నేరం కాదు, తీసుకుంటే ముందు ఆయన ఆఫీసే ఖాళీ అవుతుంది. కనుక ఈ ఫిర్యాదు మన పరిధిలోకి రాదని తేల్చారు. కింద ఒక మీట కనిపించింది: 'లోపములు తుడిచివేయుము.' దాన్ని చూసి ఆయన కళ్లు చెమర్చాయి. తన ముద్రను ఇంత అందంగా ఎవరో యంత్రంలో పెట్టారు! నొక్కారు. పసుపు దీపం ఠక్కున ఆరింది. తెర మీద 'లోపములు లేవు' అని వచ్చింది.

చప్పట్లు మోగాయి. సంఘం అధ్యక్షుడు ఇస్త్రీ బల్ల మీద చెయ్యి వేసి ప్రసంగించాడు: "సోదర సోదరీమణులారా! వీధిలో దీపాలు వెలిగిస్తామన్న నాయకుల్ని ఎందరినో చూశాం. దీపం ఆర్పిన నాయకుణ్ణి ఈ రోజే చూస్తున్నాం! ఒక్క పైసా సామాను మార్చలేదు. ఒక్క బోల్టు విప్పలేదు. చేతికి మసి అంటలేదు. ఇదీ పరిపాలన అంటే!"

ప్రసంగం అయ్యేసరికి వీధిలో కార్లు వరుస కట్టాయి. బ్రేకు తొక్కితే కీచుమనే పళ్ల డాక్టరు కారు 'విరామపు మెత్తలు అరిగినవి' అని చెప్పుకుంది. "నిజమే, ఈ మధ్య విశ్రాంతి దొరకడం లేదు," అని డాక్టరు ఒప్పుకున్నాడు. తుడిచేశారు. మిగతావీ తుడిచేశారు. సాయంత్రానికి ఆ వీధిలో జబ్బున్న కారు ఒక్కటీ లేదు.

భార్య నలిగిన బట్టలు మళ్లీ తడిపి, ఇస్త్రీ బల్ల తిరిగి వచ్చేదాకా గుమ్మంలో నిలబడింది. "బాగైందా?" అని మాత్రం అడిగింది.

"దీపం ఉందా?"

"లేదు."

"మరింకేం?"

సోమవారం పొద్దున్న భార్యాభర్తలిద్దరినీ ఎక్కించుకుని కారు పెళ్లినడక నడిచింది. చల్లగాలి ఎదురొస్తున్నంతసేపూ అంతా సవ్యంగానే ఉంది. రైలు గేటు వేసి ఉంది. కారు ఆగింది, ఇంజను ఆగలేదు. గూడ్సు బండి తన పెట్టెలన్నిటినీ ఒక్కొక్కటే చూపించుకుంటూ పోతోంది. స్టీరింగు వెనక ఈసారి ఎర్రదీపం వెలిగింది. సూపరింటెండెంటుగారు కంగారుపడ్డారు. దాన్ని ఆర్పుదామంటే కంప్యూటరు ఇంటి దగ్గర ఉండిపోయింది. బానెట్టు అంచుల్లోంచి ఆవిరి లేచింది. వెనకాల లారీవాడు తల బయటపెట్టి, "ఏం సార్, నీళ్లు కాస్తున్నారా?" అని అరిచాడు.

భార్య ఆవిరిని చూసింది. భర్తను చూసింది. నిన్న తెర మీద ఏం వచ్చిందని అడిగింది. ఆయన అక్షరం పొల్లుపోకుండా చెప్పారు.

"అభిమాని కాదండీ, ఫ్యాను!" అంది ఆమె. "ఇంజనును చల్లబరిచే ఫ్యాను తిరగడం లేదని చెప్పింది. ఆ తెలుగు చూశాక మీరు తప్ప ఎవరైనా ఇంకొకర్ని అడిగేవాళ్లు. నేను ఇంట్లోనే ఉన్నానుగా!"

"అయితే ఫ్యాను అనే రాయాలి," అన్నారు సూపరింటెండెంటుగారు. "ఫిర్యాదు స్పష్టంగా లేనప్పుడు మేమేం చెయ్యగలం?"

ఆమె కాగితాల సంచీ తీసుకుని దిగింది. గేటు లేచాక అటువైపు వెళ్తున్న కూరగాయల వ్యాను ఎక్కి, సగం దారి దాంట్లో, మిగతా సగం నడిచి, బడికి చేరింది. ఇస్త్రీ బట్టల మీద దుమ్ము, చెమట. ఆఖరున పిలిచారు.

ఎంపిక సంఘంవాళ్లు పెద్దమనుషులు. ఆలస్యమెందుకైందని అడగలేదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "మా బడి మీద తల్లిదండ్రుల ఫిర్యాదులు ఎక్కువైపోయాయి. మీరైతే ఎలా తగ్గిస్తారు?"

ఆమె ఊపిరి తీసుకుంది. "ఒక్కొక్కటీ చదువుతానండీ. ఏది పాడైందని రాశారో, వెళ్లి దాన్ని బాగుచేయిస్తాను."

సంఘంవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అంత చదువుకున్న మనిషికి ఇంత చిన్న విషయం తట్టలేదే అని వాళ్లకు జాలేసింది. అంతకుముందు లోపలికి వెళ్లొచ్చినాయన ఇదే ప్రశ్నకు, "ఫిర్యాదుల పెట్టె ఊడబీకించేస్తానండీ," అని జవాబు చెప్పాడు. కుర్చీ ఆయనకే ఇచ్చారు.

సాయంత్రం ఆమె గుమ్మంలో కూర్చుని చెప్పులు విప్పుకుంటూ ఈ సంగతంతా చెప్పింది. అత్తగారు మంచినీళ్ల గ్లాసు తెచ్చి కూతురి పక్కన పెట్టింది. సూపరింటెండెంటుగారు నిజంగానే బాధపడ్డారు.

"ఎంత పని చేశావే! ఆ ప్రశ్నకు జవాబు ఇంట్లోనే పెట్టుకుని, నన్నొక్క మాట అడక్కుండా వెళ్లావా?"

"అడిగేదాన్నే," అంది ఆమె. "దారిలో ఆవిరి చూశాను కదండీ. అందుకే తప్పు జవాబు చెప్పాను."

ఆ బడి ఇప్పుడు చాలా బాగా నడుస్తోంది. ఈ ఏడాది ఒక్క ఫిర్యాదు కూడా లేని ఏకైక పాఠశాల అని రెండు ఊళ్ల గోడలకూ కాగితాలు అంటించారు. అవి చదివి సూపరింటెండెంటుగారి వీధివాళ్లు ఒకరి వెనక ఒకరు పిల్లల్ని అక్కడ చేర్పించారు. మీరూ చేర్పించే ఉంటారు, మంచి పని చేశారు. మీవాడికి ఎక్కాలు రావడం లేదేమిటని ఎప్పుడైనా అనుమానమొస్తే, ఒకసారి వెళ్లి చూడండి. ఎవరికి చెప్పాలో తెలియక, గేటు దగ్గర కాసేపు నిలబడి, ఇంటికి తిరిగొచ్చేస్తారు. అలా తిరిగొచ్చినవాళ్లందరినీ ఆ బడి వార్షిక నివేదికలో 'పూర్తి సంతృప్తి చెందిన తల్లిదండ్రులు' అనే శీర్షిక కింద చూపిస్తారు.