రెండు భవిష్యత్తులు, ఒక రిమోటు

భూగోళం గతి ఏమవుతుందో జనం కళ్లారా చూసి బుద్ధి తెచ్చుకోవాలన్న సదుద్దేశంతో, అధికారులు ప్రదర్శనశాలలో పక్కపక్కనే రెండు గదులు సిద్ధం చేశారు. ఒకటి మంచి భవిష్యత్తు: ప్లాస్టిక్ చెట్లు, స్పీకర్లో కోయిల, చల్లటి ఏసీ. రెండోది చెడ్డ భవిష్యత్తు: ఇసుక, ఎండుకొమ్మలు, ఉడుకు. ఉడుక్కి వేరే ఖర్చెందుకని, మంచి గది ఏసీ వేడిగాలి వదిలే డబ్బాను తెచ్చి చెడ్డ గదిలో బిగించారు. పుణ్యమూ పురుషార్థమూ కలిసొచ్చాయి. ఇంజనీరుకు పతకం కూడా ఇచ్చారు.

కాపలాకు మామాఅల్లుళ్లు కుదిరారు. "కొత్త అల్లుణ్ణి ఉడకబెడితే నలుగురూ నవ్విపోరూ?" అంది అత్తగారు. దాంతో మామకు చెడ్డ భవిష్యత్తు ఖాయమైంది.

గంట తిరక్కుండానే మామ మీసాల రంగు గడ్డానికి దిగింది. ప్రాణం ఉసూరుమని గోడ దబదబా బాదాడు.

"అల్లుడుగారూ! ఏసీ కాస్త తగ్గించండి బాబూ, చచ్చిపోతున్నా!"

అల్లుడు పెద్దల మాట జవదాటే రకం కాదు. రిమోటులో ఇరవై నాలుగున్న అంకెను ఇరవై రెండు చేశాడు.

"తగ్గించానండీ మావయ్యగారూ!"

అక్కడ చలి పెరిగింది, ఇక్కడ సెగ పెరిగింది. మామ మళ్లీ బాదాడు. అల్లుడు వినయంగా ఇరవై చేశాడు.

ఇంతలో ముఖ్య అతిథి వేంచేశారు. చెడ్డ భవిష్యత్తును గుమ్మంలోంచే తొంగిచూసి, "అబ్బే, దానికింకా టైముంది" అని, మంచి భవిష్యత్తులో గంటసేపు ప్రసంగించారు. "మన భవిష్యత్తు మన చేతుల్లోనే ఉంది! తగ్గిస్తాం! తగ్గించి తీరతాం!" వారి చేతిలో ఉన్నది రిమోటు. పద్దెనిమిదికి తగ్గించారు. చప్పట్లు మోగాయి. గోడవతలి దబదబలను కూడా వాటిలోనే కలిపేసుకున్నారు.

సాయంత్రానికి అల్లుడి పళ్లు టకటకలాడాయి, ముక్కు ధారగా కారింది. "మావయ్యగారూ, కాసేపు గదులు మారదామా?" అనగానే మామకు సంతోషంతో ఏడుపొచ్చింది. పరుగున వచ్చి మెత్తటి కుర్చీలో కూలబడ్డాడు. హమ్మయ్య! పోయిన ప్రాణం లేచొచ్చింది. రిమోటు అంకె చూశాక పొద్దుటి మర్మమూ బోధపడింది.

అవతల అల్లుడికీ బోధపడింది. "మావయ్యగారూ, అంకె పెంచండి! పెంచండి బాబోయ్!"

"అదెలా కుదురుతుంది అల్లుడుగారూ! తగ్గిస్తామని పెద్దలు మాటిచ్చారుగా" అంటూ మామ పదహారు చేశాడు.

చూడవచ్చిన జనం అవునవునని తలలూపి, చల్లగా ఇంకాస్త లోపలికి జరిగారు. అల్లుడు తిరిగి రాకుండా ఎవరో లోపల్నుంచి తలుపు గొళ్లెం పెట్టారు. ఎవరని అటూ ఇటూ చూడకండి, గొళ్లెం మీ వైపే ఉంది.