నా పాటకు నేనే గెస్టుని

మనిషి జన్మ ఎత్తినందుకు అందుకోదగ్గ పదవులు చాలా ఉన్నాయంటారు. మంత్రి, కలెక్టరు, చర్చి పెద్ద. నన్నడిగితే అవన్నీ దండగ. అన్నిటికన్నా గొప్ప పదవి ఒక్కటే: ఇంకొకరి ఆల్బమ్‌లో గెస్ట్ గిటారిస్టు!

నవ్వకండి. ఆ పదవిని స్వయంగా అలంకరించి వచ్చినవాణ్ణి. సాధికారంగానే చెబుతున్నాను.

సొంత బ్యాండు ఉన్నవాడి బతుకు ఎలా ఉంటుందో మీకు తెలుసా? షిల్లాంగ్ వానలో యాంప్లిఫయర్‌ను పసిబిడ్డలా శాలువాలో చుట్టుకొని కొండెక్కాలి. డ్రమ్మరుకు జ్వరమొస్తే మందు కొనిపెట్టాలి, ప్రేమ పుడితే బుద్ధి చెప్పాలి. కరెంటు పోతే జనం తిట్టేదీ మనల్నే. అదే గెస్టు అయితే? గిటారొకటి భుజాన వేసుకొని వస్తాడు. కుర్చీ వేస్తారు. టీ ఇస్తారు. పాట బాగుంటే "అబ్బ, గెస్టు అదరగొట్టాడు" అంటారు. బాగోకపోతే "పాపం, గెస్టు మాత్రం ఏం చేస్తాడు" అంటారు. ఇంతకన్నా భద్రమైన కొలువు ఎక్కడైనా ఉందా?

పైగా మా ఖాసీ మగవాళ్ళకు ఈ విద్య పుట్టుకతోనే అబ్బుతుంది. వేరేచోట్ల ఇల్లరికం ఎవరో ఒకరిద్దరికి పట్టే యోగం. మాకు అదే ఆచారం. మా ఆవిడ డాఫిషా ఆఖరి కూతురు, మాలో ఇల్లు ఆఖరి కూతురికే కాబట్టి మౌఖార్‌లోని ఇల్లు ఆమెది. పెళ్ళయ్యాక గిటారు పట్టుకొని ఆ గుమ్మం తొక్కాను. జుట్టు నెరిసినా మా అత్తగారు నేను మారు అన్నం అడిగితే ఇప్పటికీ "మొహమాటపడకు నాయనా" అంటుంది! ఉంటున్న ఇంట్లోనే గెస్టుగా నెగ్గుకొస్తున్నవాడికి ఆల్బమ్ ఒక లెక్కా?

ఇక అసలు సంగతికి వస్తాను.

నాకు కిట్‌బోక్ అని ఒక స్నేహితుడున్నాడు. గాయకుడు. నాకన్నా కాస్త చిన్నవాడు, అందుకే నన్ను "బా" అంటాడు, అన్నా అని. మా ఆవిణ్ణి "కాంగ్" అంటాడు, అక్కా అని. ముగ్గురం ఒకే వీధిలో పెరిగాం, మేమిద్దరం ఒకే బ్యాండులో పాడాం. మా వంటగదే మా రిహార్సల్ హాలు. ఒక వానాకాలం పైకప్పు రేకు కారుతుంటే డాఫిషా కింద వరసగా గిన్నెలు పెట్టింది. ఒక్కో గిన్నెలో ఒక్కో స్వరం. పొయ్యి పక్కన పీట మీద కూర్చొని ఆ టపటపల మీదే నేనొక బాణీ కట్టాను. కిట్‌బోక్ అక్కడికక్కడే మాటలు అల్లి పాడాడు. "గిన్నెల్లో వాన" అని డాఫిషా పేరు పెట్టింది. మా బ్యాండు మొత్తం జీవితంలో రికార్డు చేసింది ఆ ఒక్క పాటే.

తర్వాత బ్యాండు చెదిరింది. కిట్‌బోక్ ముంబయి వెళ్ళి పేరు తెచ్చుకున్నాడు. నేను స్కూల్లో గిటారు మాస్టారినయ్యాను. పాట వాడి వెంటే ఊళ్ళు తిరిగింది. తిరగనీ! పాటకు రెక్కలుంటాయి, మాస్టారికి పీరియడ్లుంటాయి.

పోయిన చలికాలం ఫోన్ చేశాడు.

"బా! సొంతంగా ఆల్బమ్ చేస్తున్నా. రికార్డింగు మన షిల్లాంగ్‌లోనే. నువ్వు గెస్టుగా వాయించాలి."

"ఏ పాటకిరా?"

"అదే... గిన్నెల్లో వాన."

తను కట్టిన పాటకు తనే అతిథిగా వెళ్ళే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది చెప్పండి!

స్టూడియోలో నాకు కుర్చీ కాదు, సోఫా వేశారు. ప్రొడ్యూసరు తన్వి అని, ముంబయి అమ్మాయి. చాలా మర్యాదస్తురాలు. నేను వాయించిందంతా ఓపిగ్గా విని తల ఊపింది.

"చాలా బాగుంది సర్. కానీ పాత రికార్డులో ఉన్న ఆ తడి రావట్లేదు. ఒక్కసారి వింటారా? అప్పట్లో ఎవరో ఇక్కడి కుర్రాడే వాయించాడట. నాకు అచ్చం అలా కావాలి."

వినిపించింది. విన్నాను. కుర్రాడు బాగా వాయించాడు సుమా! కీళ్ళనొప్పులు లేని వేళ్ళు, ఎవరినీ లెక్కచేయని ధీమా.

"గట్టివాడే," అన్నాను.

"కదా సర్! ప్రయత్నిస్తే మీకూ వస్తుంది."

కిట్‌బోక్ ఆ అమ్మాయి పక్క కుర్చీలోనే ఉన్నాడు. తల వంచుకొని ఫోనులోకి చూస్తున్నాడు. ఫోను తెర మాత్రం వెలగడం లేదు. గెస్టు ముందు ఇంటి విషయాలు మాట్లాడకూడదని కాబోలు! ఎంత సంస్కారం!

ఆల్బమ్ విడుదల సభ కూడా మా ఊళ్ళోనే. వ్యాఖ్యానానికి గువాహటి నుంచి ఒక యాంకరమ్మను పిలిపించారు. "షిల్లాంగ్‌కు విచ్చేసిన మన ప్రత్యేక అతిథి!" అని నన్ను వేదిక మీదికి పిలిచింది. నేను మా ఇంటి నుంచి నడిచే వచ్చాను. అయినా ఇంటి నుంచి వచ్చినంత మాత్రాన విచ్చేసినట్టు కాదా ఏమిటి? శాలువా కప్పి, జనం వైపు తిరిగి ఆమె అంది:

"ఈ పాట ఈయనకు కొత్తే అయినా, సొంత పాటలా వాయించారండీ!"

హాలంతా చప్పట్లు. కిట్‌బోక్ కూడా కొట్టాడు. అప్పుడు మైకు వాడి చేతిలోనే ఉంది. మైకు పట్టుకొని చప్పట్లు కొట్టడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి. దాన్ని చంకలో ఇరికించుకొని మరీ కొట్టాడు. అభిమానమంటే అది!

డాఫిషా ముందు వరసలోనే కూర్చుంది. ఇంటికి వచ్చే దారంతా నాకన్నా పది అడుగులు ముందే నడిచింది.

మర్నాడు చర్చి అయ్యాక కిట్‌బోక్ మా ఇంటికి వచ్చాడు. మా ముందు గది ఎలా ఉంటుందో వాడికి సరిగ్గా తెలియదు. ఎప్పుడొచ్చినా గుమ్మం దాటి నేరుగా వంటింట్లో పొయ్యి దగ్గరికే వెళ్తాడు. ఈసారి మధ్యలో డాఫిషా అడ్డంగా నిలబడింది.

"రండి, రండి. ఇలా కూర్చోండి."

"కాంగ్, ఏమైంది నీకు? ఈ 'రండి' ఏంటి కొత్తగా? లోపలికి పద, ఆకలేస్తోంది."

"అయ్యో, గెస్టుల్ని వంటింట్లో కూర్చోబెడతామా? పొగండీ. మీ చొక్కా పాడైపోతుంది."

సాసరులో కప్పు వచ్చింది. పళ్ళెంలో తమలపాకులు, పచ్చి వక్కలు వచ్చాయి. "పంచదార ఎంత వేయమంటారు?" అని కూడా అడిగింది. వాడు పాలు మానేసి తల్లి దగ్గర టీ మొదలుపెట్టిన నాటి నుంచీ వాడి పంచదార ఆమెకు తెలుసు.

వాడు నావైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చదువుతున్నాను. ఇల్లు ఆమెది, మధ్యలో నేనేం మాట్లాడగలను?

వంటింట్లోంచి జాదో వాసన వస్తోంది. మాంసం కలిపి వండిన ఆ అన్నమంటే వాడికి ప్రాణం. కప్పు చేతిలోకి తీసుకున్నాడు. "నిన్న..." అన్నాడు.

డాఫిషా కదలకుండా నిలబడిపోయింది. నేను క్యాలెండరు మీంచి కళ్ళు తిప్పాను.

"నిన్న హాలు బాగా నిండింది కదా," అన్నాడు.

"నిండిందండీ," అంది డాఫిషా.

టీ తాగాడు. వక్క నోట్లో వేసుకున్నాడు. లేచి, "థాంక్యూ బా. థాంక్యూ కాంగ్," అన్నాడు. మా స్నేహంలో వాడు మాకు థాంక్స్ చెప్పడం అదే మొదలు. వీధి మలుపు దాకా వెళ్ళి సాగనంపి వచ్చాను. మర్యాద మర్యాదే!

తిరిగి వచ్చేసరికి డాఫిషా ఆ కప్పు పట్టుకొని అక్కడే నిలబడి ఉంది.

"కప్పు అవతల పెట్టేసి 'ఏంటీ నాటకాలు' అని నా మీద అరుస్తాడనుకున్నా," అంది. "నన్ను తోసుకుంటూ వంటింట్లోకి వస్తాడనుకున్నా. పొయ్యి దగ్గర వాడి పీట కూడా వేసి ఉంచా. తప్పయిపోయింది అక్కా అంటే అయిపోయేది కదా."

"మరి?"

"మొత్తం తాగేశాడు." కప్పు వంచి చూపించింది. చుక్క రాలలేదు.

పాఠకులారా, గెస్టు పదవిలో అందరికీ లాభమే తప్ప నష్టం లేదని ఇప్పటికైనా ఒప్పుకుంటారా? వాడి కోసం వండిన జాదో ఆ పూట నాకే దక్కింది. మా ఆవిడ ఆకలి లేదంది కాబట్టి, ఆమె వాటా కూడా.