ఫ్యూజులో దండెం తీగ

ఆ శుక్రవారం పొద్దున చెన్నమ్మ అన్నీ పద్ధతిగా అనుకుంది. పదింటికి ఎలక్ట్రీషియన్ మొగిలి వచ్చి వంటింట్లో గ్రైండరుకు పెద్ద సాకెట్టు బిగిస్తాడు. ఉడికిన శనగపప్పును బెల్లంతో కలిపి గ్రైండర్లో రుబ్బుతుంది. ఒంటిగంటకు అరవై ఓళిగలు, అదే బొబ్బట్లు, హైటెక్ సిటీలో కొడుకు కిరణ్ పనిచేసే ఆఫీసుకు చేరతాయి. ఆమె చేతి వంటకు వచ్చిన మొదటి ఆర్డరు అది. నచ్చితే ప్రతి శుక్రవారమూ తెప్పించుకుంటామని కిరణ్ వాళ్ల మేనేజరు అన్నాడు. ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లు చుట్టాల పెళ్లిళ్లన్నిటికీ ఊరికే వండిపెట్టిన మనిషికి, యాభై రెండో ఏట తన పేరున ఒక పని మొదలవుతోంది. రాత్రి ఆమెకు కంటిమీద కునుకు లేదు.

చిక్కల్లా భర్త సుబ్బరాయుడితోనే. రిటైరై మదీనాగూడలో కొడుకు అద్దెకుంటున్న ఇంటికి వచ్చినా, చొక్కా జేబులో పెన్నుండాల్సిన చోట టెస్టరు పెట్టుకు తిరిగే అలవాటు మానలేదు. టెస్టరు చేతిలో ఉంటే కరెంటు తన మాట వింటుందని ఆయన నమ్మకం.

"రెండు వైర్లు, నాలుగు స్క్రూలు. దీనికి మొగిలి ఎందుకుమే?" అన్నాడు.

"ఆ పిల్లోడు ఐటీఐ చదివినాడు. పదింటి దాకా ఆగండి."

"కరెంటుకు చదువెందుకు? ధైర్యముంటే చాలు."

ఎనిమిదింటికల్లా సాకెట్టు గోడకెక్కింది. స్విచ్చి వేయగానే ఇంట్లో ఫ్యూజు పోయింది. కొత్త ఫ్యూజు వైరు చుట్టాడు, అదీ పోయింది. "వైరు సన్నగా ఉండాది, అందుకే పోతాండాది," అని తేల్చేసి, పెరట్లో బట్టలారేసే దండెం తీగ కత్తిరించి ఫ్యూజుకు గట్టిగా చుట్టాడు. తడి బట్టలన్నీ మట్టిలో పడ్డాయి. ఈసారి స్విచ్చి వేస్తే వీధి మొదట్లోని ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఢామ్మంది. వీధిలో ముప్పై ఇళ్ల ఫ్యాన్లూ ఒక్కసారే ఆగిపోయాయి.

సుబ్బరాయుడు గుండెలు చేత పట్టుకుని బయటికి వచ్చాడు. ఎదురింటి పుల్లయ్య అప్పటికే గేటు దగ్గర నిలబడ్డాడు.

"మీకు గూడ పోయిందా సార్? రోజూ ఇదే కథ. పొద్దుగాల్నే కోత!"

కోత! ఆ మాట వినగానే సుబ్బరాయుడికి పోయిన ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణం ఊరుకోదు కదా, వెంటనే కోపం కూడా తెచ్చుకుంది. "ఎన్నాళ్లు ఓర్చుకోవాలప్పా?" అని తెల్లకాగితం తెప్పించి పిటిషన్ రాశాడు. మొదటి సంతకం తనదే. ఇరవై మందిని వెంటేసుకుని కరెంటాఫీసుకు నడిచాడు.

ఇంట్లో చెన్నమ్మ మాత్రం వంటింట్లో మాడు వాసన పీల్చింది, పెరట్లో తెగిన దండేన్ని చూసింది. సంగతి ఆమెకు అర్థమైపోయింది. కానీ ఆ ఫ్యూజును ముట్టుకునే సాహసం ఎలా చేస్తుంది? పప్పు గిన్నె ముందు కూర్చుని మొగిలి కోసం గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయింది.

తొమ్మిదిన్నరకు లైన్‌మన్ లింగమూర్తి ఊరేగింపు వెంట వచ్చాడు. ట్రాన్స్‌ఫార్మరుకు ఫ్యూజు వేశాడు. ఢాం! మళ్లీ వేశాడు. మళ్లీ ఢాం!

"కోత లేదు, ఏం లేదు. ఈ గల్లీల ఎవలింట్లనో షార్టున్నది," అన్నాడు లింగమూర్తి. "ఇంటింటికి తిరిగి సూస్త. దొరికినోళ్ల కనెక్షన్ ఇయ్యాల్నే కట్ చేస్త."

"చేయాల్సిందే! ఎవడప్పా ఆ బుద్ధి లేనోడు?" అందరికంటే గట్టిగా అరిచాడు సుబ్బరాయుడు.

చెన్నమ్మ ఆయన్ను గేటు దగ్గరికి పిలిచి, కొంగు చాటునుంచి జానెడు తీగ తీసి చూపించింది.

"ఏంటిది?"

"మీ ధైర్యంలో మిగిలిన ముక్క."

ఆ బుద్ధి లేనోడు తనేనని సుబ్బరాయుడికి అప్పుడు అర్థమైంది. కనెక్షన్ తీసేస్తే గ్రైండరు తిరగదు, ఓళిగలు లేవు, పెళ్లాం మొహం చూడలేడు. ఒక్క క్షణం ఆలోచించి వీధిలోకి పరుగెత్తాడు. తన ఇల్లు వీధిలో మొదటిది. "ఆ చివరింటి నుంచి మొదలుపెడదాం లింగమూర్తీ! ఒక్కటీ వదలొద్దు!" అన్నాడు. ఇంటింటా లైన్‌మన్‌కు మజ్జిగ ఇప్పించాడు, మజ్జిగ లేనిచోట టీ పెట్టించాడు.

అనుకున్న ప్రకారం పదింటికి మొగిలి సైకిలు దిగాడు. ఫ్యూజు లాగి చూసి నోరెళ్లబెట్టాడు.

"అమ్మా, దండెం తీగ ఎవలన్న ఫ్యూజుల పెడతరా? ఇల్లు కాలకుండ మిగిలిందంటే మీ అదృష్టం!"

"ఎవరు పెట్టినారో తర్వాత చెప్తా నాయనా. ఆ లైన్‌మన్ మా ఇంటికొచ్చే లోపల అయితాదా?"

"జర అటు జరగండి," అన్నాడు మొగిలి.

ముందు మెయిన్ ఆపాడు. మాడిన వైర్లు తీసి కొత్తవి లాగాడు. సుబ్బరాయుడు ఒకే స్క్రూ కింద బిగించిన రెండు వైర్లనూ విడదీసి, దేని చోట దాన్ని పెట్టాడు. ఫ్యూజుకు తగిన వైరు చుట్టాడు. ముప్పావు గంటలో పని ముగించి చేతులు తుడుచుకుంటుంటే లింగమూర్తి, అతని వెనక వీధంతా లోపలికి వచ్చారు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు సుబ్బరాయుడు జేబులోని టెస్టరును అరచేత్తో కప్పుకున్నాడు.

లింగమూర్తి ఫ్యూజు పెట్టె మూత తీసి వైర్లన్నీ చూశాడు.

"అందరు ఇటు రాండ్రి! వైరింగంటే గిట్లుండాలె! ఎవలు చేసిన్రు సార్?"

సుబ్బరాయుడు ఛాతీ విరిచి నోరు తెరిచాడు. చెన్నమ్మ అట్లకాడ పట్టుకుని ఆయననే చూస్తోంది.

"మొగిలి," అన్నాడు.

వీధి వీధంతా మొగిలి చుట్టూ మూగింది. రేపు మా ఇంటికంటే మా ఇంటికి రమ్మన్నారు. షార్టు ఎక్కడా దొరకలేదని గొణుక్కుంటూ లింగమూర్తి ట్రాన్స్‌ఫార్మరుకు మూడోసారి ఫ్యూజు వేశాడు. నిలిచింది! పిటిషన్ రాసిన సుబ్బరాయుడికి పుల్లయ్య జై కొట్టాడు. లోపల గ్రైండరు గర్రుమంది. ఆ చప్పుడు చెన్నమ్మకు మంగళవాయిద్యంలా వినిపించింది. ఇంటి ఓనరు పోచమ్మ కొంగు బిగించి రెండో పెనం ముందు కూర్చుంది. పన్నెండుంబావుకు అరవై ఓళిగలు ఆటో ఎక్కాయి.

రెండింటికి ఫోను మోగింది. "అమ్మా, ఒక్కటీ మిగల్లేదు. వచ్చే శుక్రవారం నూటయాభై కావాలంట!" అన్నాడు కిరణ్. చెన్నమ్మ ఫోను పెట్టేసి పకపకా నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. గెలిచానని ఆమెకు జీవితంలో మొదటిసారి అనిపించింది. సుబ్బరాయుడు జేబులోంచి టెస్టరు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

అయినా ఎందుకైనా మంచిదని, మర్నాడు చెన్నమ్మ దండేనికి తీగ బదులు కొబ్బరితాడు కట్టించింది.