రెండో గేరు కూత

ఎండ ముదరక ముందే కారులో కూత ఎక్కడ పుడుతోందో తేల్చుకోవాలనీ, ఆపైన కారును శుభ్రంగా తుడుచుకోవాలనీ సంజీవప్ప ఆ ఉదయం అనుకున్నాడు. కడగాలన్న ఆలోచన ఆ కరువు ఏడాది ఎవరికీ రాదు. మరునాడు అరసికెరెలో పెళ్లి ఉంది. పెళ్లికొడుకును ఊరేగించడానికి అతని అంబాసిడర్‌ను మాట్లాడుకున్నారు. వేరుశెనగ విరగపండిన ఒక సంవత్సరం మోజుపడి, ఎవరో వాడి వదిలేసినదాన్ని కొనుక్కున్నాడు. తరువాత వానలు మొహం చాటేశాయి, బోరు ఎండిపోయింది, చేను బీడుపడింది. ఇంటికి అన్నం పెట్టేది ఇక ఆ కారొక్కటే.

"ఈ కూతతో పోతే పెండ్లోళ్లు వాకిట్లోనించే ఎనక్కి పంపిస్తారు," అంది అతని భార్య జయలక్ష్మమ్మ. "బాడుగ రాకుంటే ఇత్తనాలు ల్యా. ఇత్తనాలు ల్యాకుంటే బెంగుళూరే. ఇటికెలు మోసేదానికి నేను తయారే. నీ సంగతే చెప్పు."

ఆమె గొంతులో దెప్పు లేదు. అందుకే ఆ మాట అతనికి మరింత గుచ్చుకుంది.

పావగడ నుంచి మొదటి బస్సుకే మెకానిక్ నరసింహప్ప దిగాడు. అతను పనిముట్ల కన్న తన చెవిని ఎక్కువగా నమ్మే మనిషి. బోల్టులు విప్పడం చెవి లేనివాళ్లు చేసే పని అని అతని అభిప్రాయం. బానెట్ మీద చేయి వేసి, "సందేళకల్లా ఈ కారులో కూత ఇనపడితే నన్నడుగప్పా," అన్నాడు.

ఊరు మిట్ట మీద ఉంటుంది. కారు కింది నుంచి రెండో గేరులో మిట్ట ఎక్కసాగింది. కూత సన్నగా మొదలై, బండి బలం తీసుకునేకొద్దీ పెరిగి, చివరి మలుపు దగ్గర ఏడుపులా సాగింది. నరసింహప్ప కళ్లు మూసుకుని విన్నాడు. కళ్లు తెరిచేసరికి కారు ముందు బిందెల వరుస ఉంది.

ఇందులో ఆశ్చర్యం లేదు. ఆ ఊరికి నీళ్లు తెచ్చే ట్యాంకరు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. దాని డ్రైవరు కృష్ణప్ప హారన్ కొట్టడు; కొడితే చుట్టుపక్కల ఊళ్లన్నీ పరుగెత్తుకొస్తాయని భయం. వీధిలో బిందెలు కనిపిస్తే ఆగుతాడు, లేకపోతే సాగిపోతాడు. అందుచేత, రెండో గేరులో మిట్ట ఎక్కే ట్యాంకరు కూతను దూరం నుంచే పసిగట్టడం ఆ ఊరి ఆడవాళ్లు నేర్చుకున్న విద్య. పొయ్యి మీద సంగటి మాడుతున్నా సరే, ఆ కూత చెవిన పడితే బిందె చేతిలో ఉంటుంది.

వరుసకు ముందు ఓబక్క ఉంది. ఒంటరి ముసలమ్మ, మోకాళ్లు అరిగిపోయినా నీళ్లకు మాత్రం అందరికన్నా ముందు వస్తుంది. కారును చూసి రొప్పుతూ నిలబడిపోయింది.

"ఏంది సంజీవా, నీ కారుకి ఎవురన్నా సచ్చిపోయినారా? అట్ల ఏడుస్తాది?"

"తప్పయిందక్కా. గేరు చూపిస్తాండా."

"చూపించు, చూపించు. మాకు నీళ్లు చూపించేవోడు యాడున్నాడో!"

సంజీవప్ప క్షమాపణ చెప్పుకున్నాడు. కానీ నరసింహప్ప చెవికి ఒక్కసారి చాలలేదు. క్లచ్ తొక్కి వినాలి, వదిలి వినాలి, మూడో గేరులో వినాలి. రెండోసారి మిట్ట ఎక్కేటప్పటికి, మొదటి సంగతి తెలియని కింది వీధి ఆడవాళ్లు హొన్నమ్మను ముందు పెట్టుకుని వచ్చారు. మూడోసారి పొలాల్లోంచి మేకలను వదిలేసి వచ్చినవాళ్లు మరో వరుస కట్టారు.

అక్కడ వరుసలో బిందె ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క. వచ్చినవాళ్లెవరూ బిందెలు వెనక్కి తీయలేదు. నిజం ట్యాంకరు రాకపోతుందా అని అలాగే ఉంచారు. దాంతో ఒకే వీధిలో మూడు వరుసలు తయారయ్యాయి. ఏది ముందన్న ప్రశ్న పుట్టింది.

"నా బిందె అందరికన్నా ముందు వచ్చింది," అంది ఓబక్క.

"అది కారుకి వచ్చిన వరస. ట్యాంకరుకి వచ్చిందా?" అంది హొన్నమ్మ.

"నీది మాత్రం దేనికి వచ్చిందే? ఇమానానికా? నీదీ కారుకే గదా!"

హొన్నమ్మ ఓబక్క బిందెను కాలితో పక్కకు జరిపింది. ఓబక్క హొన్నమ్మ బిందెను మిట్ట కిందికి దొర్లించింది. అది దొర్లిన చప్పుడుకు ఇళ్లలో మిగిలినవాళ్లు కూడా వచ్చేశారు. చివరికి ఓబక్క కారు కిటికీ పట్టుకుంది.

"రేయ్ సంజీవా, మమ్మల్నందర్నీ పిలిచినోడివి నువ్వు. పిలిచి ఉత్త బిందెల్తో పంపిస్తావా? ఏటికి పోయి నీళ్లు తే."

ఆ తీర్పుకు మూడు వరుసలూ ఒప్పుకున్నాయి. వెనక సీటు నిండా, డిక్కీ నిండా బిందెలు ఎక్కాయి. నరసింహప్ప కూడా సంతోషించాడు. "బరువు పడితే కూత బాగా దొరుకుతాదిలేప్పా," అన్నాడు.

నాగలమడిక దగ్గర పినాకిని ఇసుకలో తవ్విన చెలమలో నీరు ఊరేదాకా కూర్చుని, చెంబుతో తోడి బిందెలు నింపారు. ఈలోగా నరసింహప్ప తన తీర్పు చెప్పాడు. "నాలుగో గేరులో కూత ల్యా. నాలుగో గేరు నేరుగా పోతాది, కింది షాఫ్టు మీద బరువు పడదు. పోయింది ఆ షాఫ్టు బేరింగే." తరువాత, కేవలం మర్యాద కోసమన్నట్టు, కారు కిందికి దూరి గేరుబాక్సు బిరడా విప్పాడు. రెండు చుక్కల నల్లటి ఆయిలు జారింది. అందులో ఇనుప రజను తళుక్కుమంది. ఆపైన ఏమీ రాలేదు.

"దీంట్లో కూడా కరువేనప్పా," అన్నాడు.

"ఆయిలు చూడాలని పొద్దున తోచల్యా?"

"చెవికి ఆయిలు ఇనపడదు గదప్పా." నరసింహప్ప తల దించుకున్నాడు. "కారు ఈడే పెట్టు. పావగడకి పోయి ఆయిలు తెస్తా. ఇట్లే నడిపితే బాక్సు బిగుసుకుంటాది."

సంజీవప్ప బిందెల వైపు చూశాడు. అడుగు చిల్లుకు లక్క పెట్టిన ఓబక్క బిందె అప్పుడే సన్నగా కారుతోంది. మిట్ట మీద ఆమె ఎండలో నిలబడి ఉంటుంది, నిలబడనిదే ఉండదు. అతను జయలక్ష్మమ్మను తలుచుకున్నాడు, విత్తనాలను తలుచుకున్నాడు. తరువాత నరసింహప్పను పక్కన ఎక్కించుకుని తాళంచెవి తిప్పాడు.

మిట్ట కింద రోడ్డు రెండుగా చీలేచోట అసలు ట్యాంకరు ఎదురైంది. కృష్ణప్ప కిటికీలోంచి తొంగి, కారు నిండా నిండు బిందెలను చూశాడు.

"కార్లోనే నీళ్లు తెచ్చుకుంటాండారే మీ ఊరోళ్లు! మేలప్పా. రాయచెర్లోళ్లు పాపం నోరెండి ఉండారు, ఆడికి పోతా."

"అట్ల కాదప్పా..." అంటూ సంజీవప్ప వివరించడం మొదలుపెట్టాడు. ఏ సంగతినైనా మొదటి నుంచి క్రమంగా చెప్పడం అతని స్వభావం. అరసికెరె పెళ్లితో ప్రారంభించి రెండో వరుస దాకా వచ్చేసరికి ట్యాంకరు మలుపు దాటింది.

అతను కారు తిప్పి వెంటబడ్డాడు. ఆపకుండా హారన్ కొట్టాడు. వెనక హారన్ వినిపిస్తే వేగం పెంచడం కృష్ణప్ప అలవాటు; ఆ కరువులో అతని వెంట పడని ఊరు లేదు. మిట్ట మీది ఆడవాళ్లకు కింద రెండు కూతలు వినిపించాయి. కారుతో పాటు ట్యాంకరు కూడా వస్తోందని గొడవ మరచి మూడు వరుసలనూ ఒకటి చేసుకున్నారు. మొదటి స్థానం హొన్నమ్మే ఓబక్కకు ఇచ్చింది.

ఒక కూత దూరమై సన్నగిల్లింది. రెండోది పెద్ద చప్పుడుతో తెగిపోయింది. కారు అడుగు కూడా కదలకుండా బిగుసుకుపోయింది. వెనక సీట్లో బిందెలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మగవాళ్లు దిగివచ్చి మిగిలిన నీళ్లను మోసుకుపోయారు. ఓబక్క బిందెలో అడుగున కొంచెం ఉంది. ఆమె దాన్ని చూసింది, సంజీవప్ప తడిసిన చొక్కాను చూసింది. రాయచెర్లువాళ్లు ఆ రోజు కడుపునిండా నీళ్లు తాగారు. అందుకు వాళ్లను తప్పుపట్టడానికి లేదు. పెళ్లికొడుకు ట్రాక్టరు మీద ఊరేగాడు.

ఆ వారంలోనే సంజీవప్ప, జయలక్ష్మమ్మ మూటలు కట్టుకున్నారు. బయలుదేరే ముందు ఓబక్క వచ్చి చెంబెడు నీళ్లు ఇచ్చింది. "దోవలో తాగండి," అంది. ఆ చెంబు ఆమె ఇంట్లో ఒక పూట నీళ్లని ముగ్గురికీ తెలుసు. జయలక్ష్మమ్మ వద్దనలేక, పుచ్చుకోలేక, రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

ఊరి కళ్ల ముందు ఎక్కలేక వాళ్లు మిట్ట కిందికి నడిచివెళ్లి బస్సెక్కారు; దాని దారి ఊరి మీదుగానే కావడంతో అది వాళ్లను మోసుకుని రెండో గేరులో ఊళ్లోకే వచ్చింది. ఆ కూతకు తలుపులన్నీ తెరుచుకున్నాయి. బిందెలు పరుగెత్తాయి, ముందు ఓబక్కే. బస్సు కిటికీలో తెలిసిన ముఖాలు చూసి ఆమె ఆగిపోయింది. ఈసారి ఎవరినీ తిట్టలేదు. ఖాళీ బిందెను నడుం మీదికి ఎత్తుకుని, దుమ్ము అణిగేదాకా చూస్తూ ఉండిపోయింది.

ఎద్దులతో లాగించి తెచ్చిన కారు ఇంటి ముందే ఉంది. నరసింహప్ప మాట తప్పలేదు. దానిలో కూత మళ్లీ ఎవరికీ వినిపించలేదు.