గవరయ్య రికార్డుకు నయమైంది

జనపనార మిల్లులో ఏళ్ల తరబడి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న గవరయ్యను సర్కారు ఆసుపత్రికి తీసుకొస్తే, అతని కంప్యూటర్ రికార్డును మంచం మీద పడుకోబెట్టి, గవరయ్యను వరండాలో కూర్చోమన్నారు. భార్య బంగారమ్మకు ఇందులో వింతేమీ కనిపించలేదు. ఇప్పుడు ఎక్కడైనా అంతే కదా.

రికార్డు చూడ్డానికి పలకంత ఉంటుంది. దాని మీద గవరయ్య ఫొటో, కింద అతని ఊపిరిని చూపించే పచ్చ గీత. దానికి దుప్పటి కప్పి, ఆక్సిజన్ గొట్టం తగిలించారు. గొట్టం ఒక్కటే ఉంది మరి.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. రికార్డులు తయారుచేసే కంపెనీల సంఘం వాళ్లు రాజధానికి వెళ్లి, మంత్రిగారికి విందు పెట్టి మరీ నచ్చజెప్పారు. మనిషిని నమ్ముకుంటే ఎలాగండీ, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటాడు, మందిస్తే కక్కుతాడు, పైగా చెప్పాపెట్టకుండా పోతాడు. రికార్డు అయితే ఎలా చెబితే అలా కోలుకుంటుంది అన్నారు. మంత్రిగారికి నిజమే అనిపించింది. కోలుకున్న రికార్డులను బట్టే ఆసుపత్రికి నిధులని జీవో వచ్చింది. మనుషుల కోసం వరండాలో బెంచీలు కూడా వేయించారు. అన్యాయంగా మాట్లాడకూడదు, బెంచీలు బాగానే ఉన్నాయి.

సాయంత్రం బంగారమ్మ తమ్ముడు ఎర్నాయుడు బ్రెడ్డు, అరటిపళ్లు పట్టుకొచ్చాడు. వరండాలో రొప్పుతున్న బావను దాటుకుని లోపలికెళ్లి మంచం పక్కన కూర్చున్నాడు. "బాగా సిక్కిపోనావు బావా," అంటూ రికార్డు మీద చెయ్యేసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

తెల్లారేసరికి గవరయ్య పెదాలు నీలంగా మారాయి. బంగారమ్మ లోపలికెళ్లింది. ఎవరూ చూడకుండా గొట్టం లాక్కొచ్చి మొగుడి ముక్కుకు పెట్టింది. అబ్బ, ఎంత హాయిగా పీల్చాడో! ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అంతలో లోపల గీత ఎర్రబడి, రికార్డు కుయ్యిమని మొత్తుకుంది. నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏటి సేసినావమ్మా! పేషెంటుకేటైనా అయితే ఎవులు జవాబు సెప్తారు?"

"మరి ఈయనేటి తల్లీ?"

"ఈయన పేషెంటు తాలూకా."

గవరయ్యే గొట్టం తీసి బంగారమ్మ చేతికిచ్చాడు. "ఇచ్చీయే. దానికేటైనా అయితే మనకే కదా నట్టం," అన్నాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. "ఇంత మంచోడివి గనకే మన బతుకిలా ఏడిసింది," అని తిట్టుకుంటూనే వెళ్లి తగిలించింది.

మర్నాటికి రికార్డుకు పూర్తిగా నయమైంది. డాక్టరుగారు దానికి పూలదండ వేసి, ఫొటో తీయించి డిశ్చార్జి చేశారు. ఇంటి దగ్గర దింపడానికి అంబులెన్సు కూడా ఇచ్చారు. అందులో పేషెంటుతో పాటు తోడు ఒక్కరికే చోటు.

రికార్డును ఒళ్లో పెట్టుకుని కూర్చున్న బంగారమ్మ వరండా వైపు ఒకసారి చూసింది. ఇన్నేళ్ల కాపురంలో మొగుడి మొహం ఆ ఫొటోలో ఉన్నంత తేటగా ఆమె ఎప్పుడూ చూడలేదు. పచ్చ గీత ఎంత నిదానంగా సాగుతోందో! ఏడుపొచ్చింది, మింగేసింది.

"నువ్వు బస్సులో వచ్చీ మావా," అంది.

గవరయ్య బెంచీ పట్టుకుని లేచాడు. ఊపిరి అందేదాకా ఆగాడు.

"సరే గానీ, రోడ్డంతా గోతులు. ఒళ్లో జాగర్తగా ఎట్టుకో," అన్నాడు.